ఎన్‌హెచ్‌ఎల్‌లో కుర్రాళ్ళ రెండో కాంట్రాక్టు: 5.6 కోట్ల డాలర్లు వద్దని ఇంట్లో ఎందుకు కూర్చుంటారు?

భీమవరం_బుల్లోడు
ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ప్రతి సెప్టెంబరులోనూ ఇదే తంతు. మూడేళ్ళు ఆడి, ముప్పై గోల్స్ కొట్టిన 21 ఏళ్ళ కుర్రాడికి జట్టు ఏడేళ్ళ కాంట్రాక్టు ఇస్తానంటుంది, ఏడాదికి 80 లక్షల డాలర్లు. మొత్తం 5.6 కోట్లు. అతను వద్దంటాడు. శిబిరం మొదలవుతుంది, మిగతావాళ్ళంతా ఐసు మీద ఉంటారు, ఇతను ఇంట్లో. ఇంకో జట్టుకి తనంతట తాను పోయే వీల్లేదంటారు. మరి దేన్ని చూసుకుని ఈ బిగింపు? "ఆశ" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకుండా లెక్కలతో చెప్పండి.

కాకినాడ_కాజా
ఆశేనండి. 5.6 కోట్లు చాలదనేవాడికి ఎంతైనా చాలదు.

ధవళేశ్వరం1852
కాజా గారూ, అంత తొందరగా తేల్చకండి. ముందు అసలు వ్యవహారం చూద్దాం.

మొదటి కాంట్రాక్టులో బేరమనేదే లేదు. 18 నుంచి 21 ఏళ్ళ మధ్య సంతకం పెట్టినవాడికి మూడేళ్ళు, జీతానికి ఒక పైహద్దు. 2021 దాకా డ్రాఫ్టయినవాళ్ళకి, అంటే జట్లు వంతులవారీగా కుర్రాళ్ళని ఎంచుకునేటప్పుడు ఎంపికైనవాళ్ళకి, ఆ హద్దు 9.25 లక్షల డాలర్లు, తరవాత కొద్దికొద్దిగా పెంచారు. ఆటతీరు బోనస్‌లు విడిగా ఉంటాయి. అంటే కుర్రాడు తన విలువ గురించి నిజంగా నోరు విప్పేది రెండో కాంట్రాక్టు దగ్గరే.

అప్పటికి అతను ఆర్‌ఎఫ్‌ఏ, అంటే పరిమిత స్వేచ్ఛ మాత్రమే ఉన్న ఆటగాడు. పాత కాంట్రాక్టు తీరిపోయినా హక్కులు జట్టు దగ్గరే ఉండిపోతాయి. అందుకు జట్టు చెయ్యాల్సిందల్లా జూన్ నెలాఖరు గడువులోగా క్వాలిఫైయింగ్ ఆఫర్, అంటే హక్కులు నిలుపుకోడానికి ఒక కనీస ప్రతిపాదన, పంపడం. అది ఎంతో చూడండి: 9.25 లక్షల్లో సంతకం బోనస్ 92,500 తీసేస్తే మూల జీతం 8,32,500. దానికి 105 శాతం, 8,74,125 డాలర్లు. ముప్పై గోల్స్ కొట్టినవాడికీ, మూడు కొట్టినవాడికీ అదే అంకె. జట్టు ఆ కాగితం పంపడం మరిచిపోతే మాత్రం కుర్రాడు ఎటైనా పోవచ్చు.

ఇంక కుర్రాడి దగ్గరున్న ఆయుధాలు మూడు. ఆర్బిట్రేషన్ (జీతం ఎంతో మధ్యవర్తి తేల్చడం), వేరే జట్టునుంచి ఆఫర్ షీట్ (ఆ జట్టు రాసిచ్చే కాంట్రాక్టు ప్రతిపాదన), సంతకం పెట్టకపోవడం. 18-20 ఏళ్ళకే సంతకం పెట్టినవాడికి ఆర్బిట్రేషన్ హక్కు రావాలంటే నాలుగేళ్ళ అనుభవం కావాలి, మూడేళ్ళ కాంట్రాక్టు తీరేసరికి అది రాదు. కొందరికి రెండోది కూడా ఉండదు. లీగ్‌కీ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందంలో 10.2 సి అనే క్లాజు ఉంది, అనుభవం లెక్క పూర్తికానివాడికి ఆఫర్ షీట్ ఇవ్వకూడదు. క్విన్ హ్యూస్ 2019 వసంతంలో కాలేజీ నుంచి వచ్చి వాంకూవర్‌కి 5 మ్యాచ్‌లే ఆడాడు. కాంట్రాక్టులో ఒక ఏడాది కరిగింది గానీ అనుభవం కింద లెక్కకు రాలేదు. అందుకని 2021లో అతనికి మిగిలింది మూడోదొక్కటే.

కాబట్టి ఇంట్లో కూర్చోవడం పంతం కాదండి. చేతిలో మిగిలిన ఒక్క పనిముట్టు అదే.

భీమవరం_బుల్లోడు
హ్యూస్‌కి చివరికి ఏమైంది?

యానాం_యాత్రికుడు
2021 అక్టోబరు మొదట్లో పెట్టాడు. ఆరేళ్ళు, ఏడాదికి 78.5 లక్షలు. అదే జట్టు, అదే రోజుల్లో పెటర్సన్‌కి మూడేళ్ళు, 73.5 లక్షలు. ఇద్దరికీ ఏజెంటు వర్గం ఒకటే. ఒకరు పొడుగు, ఇంకొకరు పొట్టి ఎంచుకున్నారు. అసలు కథ ఆ ఏళ్ళలోనే ఉంది.

పాలకొల్లు_పిల్ల
యాత్రికుడు అన్నది నూటికి నూరుపాళ్ళు. పత్రికలు జీతం అంకె రాస్తాయి, బేరం జరిగేది ఏళ్ళ మీద. బుల్లోడు గారు చెప్పిన కుర్రాడినే తీసుకుందాం.

పూర్తి స్వేచ్ఛ ఎప్పుడొస్తుంది? జూన్ 30కి 27 ఏళ్ళు నిండినా సరే, ఏడు సీజన్లు లెక్కకు వచ్చినా సరే. 40 మ్యాచ్‌లు జట్టు జాబితాలో ఉంటే ఒక సీజన్, గోలీకి 30. ఇతను 18కే దిగాడు, మూడు సీజన్లు అయ్యాయి. ఇంకో నాలుగు ఆడితే 25 ఏళ్ళకే స్వేచ్ఛ.

ఇప్పుడు జట్టు ఇస్తానన్న ఏడేళ్ళని చీల్చండి. మొదటి నాలుగు ఎలాగూ జట్టు చేతిలో ఉన్న ఏళ్ళు. చివరి మూడు, అంటే 25 నుంచి 28 దాకా, కుర్రాడి సొంత ఏళ్ళు. 31 జట్లు తన కోసం పోటీ పడే ఏళ్ళవి. జట్టు 80 లక్షల పేరు చెప్పి కొంటున్నది వాటిని. మొదటి నాలుగేళ్ళకి 65 లక్షలే విలువ అనుకున్నా, చివరి మూడింటికీ తలా కోటి పడుతోంది. క్యాప్, అంటే ఒక జట్టు మొత్తం జీతాలకి ఉన్న పైహద్దు, పెరుగుతుంటే ఆ కోటి చవక.

ఇంకోటి, ట్రేడ్ చెయ్యకూడదన్న షరతు కూడా స్వేచ్ఛ వచ్చే ఏళ్ళకి మాత్రమే రాయొచ్చు. అంటే ఆ ఏడేళ్ళలో మొదటి నాలుగేళ్ళూ అతన్ని ఎప్పుడైనా ఎక్కడికైనా పంపెయ్యొచ్చు. సంతకం పెట్టింది తనకిష్టమైన ఊరు కోసమైతే అది మొదట అడగాల్సిన విషయం.

రాజోలు_రాజు
రొయ్యల చెరువు లీజు గుర్తొస్తోంది. ధర పైకి పోతున్నప్పుడు ఏడేళ్ళకి రాసిమ్మంటే రైతు ఎందుకు రాస్తాడు, మూడేళ్ళకే ఇస్తానంటాడు.

తణుకు_చక్కెర
రాజు గారూ, రైతుకి చెరువు పోదు. కుర్రాడికి మోకాలు పోవచ్చు. ఆ తేడా మరవద్దు.

అంకెలు వేద్దాం. పొట్టి దారి: మూడేళ్ళు 65 లక్షల చొప్పున, 1.95 కోట్లు. ఆట ఇలాగే పెరిగితే 24 ఏళ్ళకి నాలుగేళ్ళు 1.3 కోట్ల చొప్పున, 5.2 కోట్లు. ఏడేళ్ళకి కలిపి 7.15. జట్టు ఇస్తానన్నదానికన్నా 1.55 కోట్లు ఎక్కువ. అదే మోకాలో భుజమో దెబ్బతిని నాలుగేళ్ళు 50 లక్షలకి పడిపోతే మొత్తం 3.95 కోట్లు. అంటే 1.65 తక్కువ. గెలిచేదీ పోగొట్టుకునేదీ దాదాపు సమానం. 21 ఏళ్ళవాడికి 5.6 కోట్లు చేతికొస్తుంటే, నేనైతే పొడుగుదే తీసుకోమంటాను.

పాలకొల్లు_పిల్ల
చక్కెర గారూ, రెండు దారులకీ సమాన అవకాశం అన్నట్టు కలిపారు. 21 ఏళ్ళకే ముప్పై గోల్స్ కొట్టినవాడు ఇంకా పైకి పోయే వయసులో ఉన్నాడు. పైగా క్యాప్ చూడండి. 2019 నుంచి మూడు సీజన్లు 8.15 కోట్ల దగ్గర గడ్డకట్టుకుపోయింది. 2024-25కి 8.8, 2025-26కి 9.55, 2026-27కి 10.4, ఆ తరవాత 11.35. ఈరోజు 80 లక్షలంటే 10.4లో 7.7 శాతం. మరుసటి ఏడాదికే 7 శాతం. ఒక్క గోలు తగ్గకుండానే తన వాటా తగ్గుతుంది.

నేథన్ మెకిన్నన్ 2016లో ఏడేళ్ళకి 63 లక్షలకి పెట్టాడు. అప్పటి క్యాప్‌లో 8.6 శాతం. ఆ ఏడేళ్ళలో లీగ్‌లో మేటి ఆటగాళ్ళలో ఒకడయ్యాడు, కప్పు కూడా గెలిచాడు, జీతం మాత్రం అదే 63. తరవాతి కాంట్రాక్టు 1.26 కోట్లు, సరిగ్గా రెట్టింపు. కప్రిజోవ్ 2021లో ఐదేళ్ళే రాయించుకున్నాడు, 90 లక్షలు. 2025 సెప్టెంబరులో ఎనిమిదేళ్ళు, ఏడాదికి 1.7 కోట్లు, లీగ్ చరిత్రలోనే పెద్దది. తక్కువ ఏళ్ళు ఏం చేస్తాయో ఆ రెండూ పక్కపక్కన పెడితే కనిపిస్తుంది.

కాకినాడ_కాజా
మెకిన్నన్ అంత తక్కువకి ఆడబట్టే కొలరాడో మంచి జట్టు కట్టుకుంది, కప్పు వచ్చింది. అందరూ కప్రిజోవ్‌లా పిండితే మూడో వరస ఆటగాళ్ళకి ఏం మిగులుతుంది? క్యాప్ ఉన్న ఆటలో ఒకడి వాటా ఇంకొకడి జేబులోంచే వస్తుంది.

ధవళేశ్వరం1852
నిజమే, కానీ ఆ భారం 21 ఏళ్ళవాడి మీదే ఎందుకు పెట్టాలి? మొదటి మూడేళ్ళూ 9 లక్షలకి ముప్పై గోల్స్ కొట్టి జట్టుకి చేసిపెట్టిన ఆదా చాలదా?

జట్లకీ పొట్టి కాంట్రాక్టు ఎదురుతిరుగుతుంది. 2013 జనవరిలో మాంట్రియల్ పి.కె. సుబ్బన్‌ని రెండేళ్ళకి, ఏడాదికి 28.75 లక్షలకి కుదుర్చుకుంది. అదే సీజన్‌లో అతను మేటి డిఫెన్స్ ఆటగాడికిచ్చే నారిస్ ట్రోఫీ గెలిచాడు. 2014లో ఎనిమిదేళ్ళకి 7.2 కోట్లు ఇవ్వాల్సొచ్చింది. మొదటే పొడుగు రాసి ఉంటే ఎన్ని కోట్లు మిగిలేవో.

నరసాపురం_లేసు
పొట్టి కాంట్రాక్టుల్లో చివరి ఏడాది జీతం చూడటం మరవకండి. మొదట తక్కువ, చివర ఎక్కువ రాస్తారు. తీమో మయర్‌కి శాన్ హోజే 2019లో నాలుగేళ్ళకి సగటున 60 లక్షలు రాసింది, చివరి ఏడాది జీతం మాత్రం కోటి. క్వాలిఫైయింగ్ ఆఫర్ చివరి ఏడాది జీతం మీద కాబట్టి కోటి డాలర్లతో పంపాలి. ఆ ఒత్తిడితోనే అతన్ని 2023 ఫిబ్రవరిలో న్యూజెర్సీకి ట్రేడ్ చేశారు.

2020 సవరణలో ఆ సందు కొంత మూశారు. ఆఫర్ సగటు జీతానికి 120 శాతం దాటక్కర్లేదు. పెటర్సన్ చివరి ఏడాది జీతం 1.025 కోట్లు. సగటు 73.5కి 120 శాతం 88.2 లక్షలు. కాబట్టి 88.2 పంపితే చాలు. డాలస్‌లో రాబర్ట్‌సన్‌ది 2022 అక్టోబరు కాంట్రాక్టు, నాలుగేళ్ళు, సగటు 77.5. చివరి ఏడాది సరిగ్గా 93 లక్షలు రాయించుకున్నాడు. 77.5 ఇంటూ 1.2 వేసి చూడండి.

తణుకు_చక్కెర
93. ఏజెంటు క్యాలిక్యులేటర్ పక్కన పెట్టుకునే రాశాడన్నమాట.

భీమవరం_బుల్లోడు
ఆఫర్ షీట్ సంగతి ఎవరూ చెప్పలేదు. 10.2 సి కానివాడికి అది ఉందిగా. వేరే జట్టు ఎక్కువిస్తే అయిపోయె కదా?

యానాం_యాత్రికుడు
అంత తేలిక కాదు. వేరే జట్టు షీట్ ఇచ్చి కుర్రాడు సంతకం పెడితే పాత జట్టుకి ఏడు రోజులు గడువు. అంతే జీతం తానిస్తానంటే కుర్రాడు అక్కడే ఉండాలి. వదిలేస్తే కొత్త జట్టు తన సొంత డ్రాఫ్ట్ పిక్కులు, అంటే కుర్రాళ్ళని ఎంచుకునే వంతులు, ఇచ్చుకోవాలి, ఇంకొకరి దగ్గర కొన్నవి చెల్లవు. ఎన్ని అనేది జీతం మెట్టుని బట్టి. 2024 పట్టికలో 22.9 లక్షలు దాటితే 45.8 లక్షల దాకా ఒక రెండో రౌండు పిక్కు. 68.7 దాకా మొదటిది, మూడోది. 91.6 దాకా ఒకటి, రెండు, మూడు రౌండ్లవి మూడూ. 1.145 కోట్ల దాకా రెండు మొదటి రౌండు, ఒక రెండు, ఒక మూడు. ఆపైన నాలుగు మొదటి రౌండు పిక్కులు.

చాలామంది జారేది ఇక్కడే. మెట్టు లెక్కకి మొత్తాన్ని కాంట్రాక్టు ఏళ్ళతో కాకుండా గరిష్ఠంగా ఐదుతోనే భాగిస్తారు. 80 లక్షల చొప్పున ఐదేళ్ళైతే 80 లక్షల మెట్టే. అదే ఏడేళ్ళైతే 5.6 కోట్లు భాగించు 5, అంటే 1.12 కోట్ల మెట్టు. ఇంకో మొదటి రౌండు పిక్కు అదనంగా పోతుంది.

2024 ఆగస్టులో సెయింట్ లూయిస్ చేసింది చదువుకోదగ్గ పని. ఎడ్మంటన్ క్యాప్ నిండా మునిగి ఉంది. ఆ జట్టు కుర్రాళ్ళలో బ్రోబర్గ్‌కి 45,80,917, హాలోవేకి 22,90,457 డాలర్లు రాశారు. రెండూ తమ తమ మెట్టు అంచు మీద, ఒక్క డాలరు దాటలేదు. దానికన్నా ముందు పిట్స్‌బర్గ్ దగ్గరున్న తమ రెండో రౌండు పిక్కుని తిరిగి తెచ్చుకున్నారు, అది లేకుండా షీటే చెల్లదు. ఎడ్మంటన్ ఏడు రోజులు చూసి ఇద్దర్నీ వదులుకుంది.

రాజోలు_రాజు
2019లో కరోలినాతో మాంట్రియల్ ఆడిన ఆట కూడా రాయండి.

యానాం_యాత్రికుడు
కరోలినా ఆటగాడు అహోకి మాంట్రియల్ ఆఫర్ షీట్ ఇచ్చింది, ఐదేళ్ళు, 84.54 లక్షల చొప్పున. దెబ్బ సగటులో లేదు, సంతకం బోనస్‌లో ఉంది. మొదటి ఏడాది లోపే 2 కోట్ల డాలర్ల పైచిలుకు రొక్కం చెల్లించాలి. యజమాని అంత రొక్కం తియ్యలేడనుకున్నారు. తీశాడు. 2021లో కరోలినా బదులు తీర్చుకుంది. మాంట్రియల్ కుర్రాడు కోట్కనియెమికి ఒక ఏడాదికి జీతం 61,00,015 డాలర్లు, దాని మీద సంతకం బోనస్ 20 డాలర్లు. 15 కోట్కనియెమి చొక్కా నంబరు, 20 అహోది.

నరసాపురం_లేసు
ఇరవై డాలర్ల బోనస్! లీగ్ ఆఫీసులో ఆ కాగితం చదివినవాళ్ళ మొహాలు చూడాలి.

కాకినాడ_కాజా
సరేనండి, కుర్రాడికి కారణాలున్నాయని ఒప్పుకుంటాను. కానీ కూర్చోవడం వల్ల ఆట పాడవుతుంది కదా. 2018లో టొరంటో ఆటగాడు నైలాండర్ డిసెంబరు 1న, ఆ సీజన్ ఆడటానికి సంతకం గడువు ముగిసే నిమిషాల్లో పెట్టాడు. అంతకుముందు వరసగా రెండు సీజన్లు 61 పాయింట్లు (గోల్స్, గోల్స్‌కి అందించిన పాసులు కలిపి) చేసినవాడు ఆ ఏడాది 54 మ్యాచ్‌ల్లో 7 గోల్సే కొట్టాడు. బోస్టన్ గోలీ స్వేమన్ 2024లో శిబిరం మొత్తం వదిలేసి అక్టోబరు 6న ఎనిమిదేళ్ళకి 6.6 కోట్లు తీసుకున్నాడు. ఆ సీజన్‌లో సేవ్ శాతం .892, అంటే వచ్చిన షాట్లలో 89.2 శాతమే ఆపాడు. పెద్ద సంఖ్య గెలిచారు, సీజన్ పోయింది.

తణుకు_చక్కెర
ఇది గట్టి మాట. శిబిరం లేకపోతే ముందు పోయేది ఆట వేగం. ఒంటరిగా ఎంత స్కేటింగ్ చేసినా మీదకొచ్చి తోసేవాడు ఉండడు. గోలీకి ఇంకా కష్టం, ఎదుట నలుగురు అడ్డం నిలబడి ఉండగా వచ్చే షాట్లు సాధనలో దొరకవు.

అయినా ట్కాచక్‌ని చూడండి. 2021లో ఒట్టావా మొదటి మ్యాచ్ రోజున పెట్టాడు, ఏడేళ్ళకి 5.75 కోట్లు. ఆ సీజన్‌లో 30 గోల్స్, 67 పాయింట్లు. అక్టోబరు మధ్యలో పెడితే కోలుకోవచ్చు, డిసెంబరైతే కష్టం.

అలాగే ఆగస్టులో ఎందుకు కదలిక ఉండదంటే, జీతం సీజన్ రోజుల్లోనే ఇస్తారు. సెప్టెంబరు 30 దాకా సంతకం పెట్టకపోయినా ఒక్క డాలరు పోదు. జట్టుకీ ఒక్క పాయింటు పోదు. సీజన్ మొదలైన రోజునుంచి 80 లక్షలవాడికి, 186 రోజుల సీజన్ అనుకుంటే, రోజుకి 43 వేల డాలర్లు ఆవిరి. జట్టుకేమో మ్యాచ్‌లు. అందుకే సంతకాలన్నీ ఆ వారం చుట్టూ పడతాయి.

నరసాపురం_లేసు
నైలాండర్‌ది ఇంకో మెలిక. మొదటి ఏడాది క్యాప్ హిట్ (జట్టు క్యాప్‌లో అతని పేరున పడే మొత్తం) 1.02 కోట్లు, మిగతా ఐదేళ్ళూ 69.6 లక్షలు. "టొరంటో మొదటి ఏడాది అదనంగా ఇచ్చింది" అని రాసేస్తుంటారు. కాదు. ఆ సీజన్ 186 రోజులు, డిసెంబరు 1 నుంచి మిగిలినవి 127. క్యాప్ రోజువారీ పడుతుంది. 1.02 కోట్లని 186తో భాగించి 127తో హెచ్చించండి, మళ్ళీ 69.6 లక్షలే. కానీ సంతకం పెట్టిన రోజున జట్టుకి అంత ఖాళీ ఉండాలి. క్యాప్ అంచున ఉన్న జట్టు ఆలస్యం చేసేకొద్దీ కావాల్సిన ఖాళీ పెరుగుతూ పోతుంది.

అంతర్వేది_అల
మన హాకీ ఇండియా లీగ్‌లో ఈ గొడవే లేదు. 2024 అక్టోబరులో ఢిల్లీలో వేలం పెట్టారు, పురుషుల జట్టుకి 4 కోట్ల రూపాయల సంచి, ఆటగాడి మొదటి ధర 2, 5, 10 లక్షల్లో ఒకటి. హర్మన్‌ప్రీత్ సింగ్ 78 లక్షలకి సూర్మా క్లబ్‌కి వెళ్ళాడు. వేలంలోనే తేలిపోయింది.

ధవళేశ్వరం1852
తేలిపోయింది, ఆటగాడు ఊరు ఎంచుకోలేదు, ఏళ్ళు ఎంచుకోలేదు. ఎన్‌హెచ్‌ఎల్ కుర్రాడికి కనీసం వద్దనే హక్కుంది.

పాలకొల్లు_పిల్ల
పొడుగుకీ హద్దు తగ్గుతోందని గుర్తుంచుకోండి. 2026 సెప్టెంబరు 16 నుంచి కొత్త ఒప్పందం. సొంత జట్టుతో ఎనిమిది కాదు ఏడేళ్ళే, వేరే జట్టుతో ఏడు కాదు ఆరు. మాంట్రియల్‌లో లేన్ హట్సన్ 2025 అక్టోబరులో ఎనిమిదేళ్ళు తీసుకున్నాడు, అలాంటివి ఇక కుదరవు.

రాజోలు_రాజు
పన్ను కూడా. ఫ్లోరిడా, టెక్సస్, టెనెసీ, నెవాడాల్లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. అక్కడి 75, మాంట్రియల్ 80 కన్నా చేతికి ఎక్కువ రావొచ్చు.

భీమవరం_బుల్లోడు
ఇప్పుడు బోధపడిందండి. చివరి అనుమానం. డిసెంబరు 1 కూడా దాటిపోతే? యూరప్ వెళ్ళి ఆడుకోవచ్చా?

ధవళేశ్వరం1852
గడువు డిసెంబరు 1 సాయంత్రం 5 గంటలు, తూర్పు అమెరికా సమయం. మన భీమవరంలో 2వ తేదీ తెల్లవారుజామున మూడున్నర. అది దాటితే ఆ సీజన్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడకూడదు.

యూరప్ వెళ్ళొచ్చు గానీ జాగ్రత్త. 2013లో కొలరాడో కుర్రాడు ర్యాన్ ఓరైలీ రష్యాలో ఆడుతూ కూర్చున్నాడు, ఇక్కడ సీజన్ మొదలయ్యాక కూడా రెండు మ్యాచ్‌లు ఆడేశాడు. కాల్గరీ అతనికి ఆఫర్ షీట్ ఇచ్చింది. సీజన్ మొదలయ్యాక బయట ఆడినవాడు వేరే జట్టుకి రావాలంటే వేవర్స్ మీదుగా, అంటే మిగతా జట్లలో ఎవరైనా తీసుకోగల జాబితా మీదుగా రావాలి. అంటే కొలరాడో గనక వదిలేసి ఉంటే కాల్గరీ పిక్కులూ ఇచ్చుకునేది, కుర్రాణ్ణి వేవర్స్‌లో ఇంకో జట్టు ఎత్తుకుపోయేది. కొలరాడో అంతే జీతం ఇస్తానంది కాబట్టి బతికిపోయారు.

భీమవరం_బుల్లోడు
సీజన్ మొత్తం పోగొట్టుకుంటే కనీసం స్వేచ్ఛకి ఒక ఏడాది దగ్గరవుతాడా?

పాలకొల్లు_పిల్ల
వయసు దారిన అయితే అవుతాడు, 27 ఎలాగూ నిండుతుంది. సీజన్ల దారిన కాడు. 40 మ్యాచ్‌లు లేవు కాబట్టి ఆ ఏడాది లెక్కలోకి రాదు, 25కి రావాల్సిన స్వేచ్ఛ 26కి జరుగుతుంది. హక్కులు మాత్రం జట్టు దగ్గరే ఉంటాయి, వచ్చే జూన్‌లో మళ్ళీ క్వాలిఫైయింగ్ ఆఫర్ పంపుతుంది.